దగ్గితే మూత్రం పడుతోంది: టేపు వేయించుకోవాలా, ఇంజెక్షన్ చాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 46. టీచర్‌ని. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో బిడ్డ పెద్దది కావడంతో ఫోర్సెప్స్ వేసి తీశారు. కొన్నేళ్లుగా దగ్గినా, తుమ్మినా, మెట్లు గబగబా దిగినా మూత్రం పడిపోతోంది. స్కూలుకి ప్యాడ్ లేకుండా వెళ్లలేను. క్లాసులో పిల్లలు ఏదైనా అని నవ్విస్తే నవ్వడానికి భయం. ఒక డాక్టరు గారు మూత్రమార్గం కింద ఆధారంగా పెట్టే సన్నటి జాలీ పట్టీ, అదే టీవీటీ టేపు, వేయించుకోమన్నారు. ఇంకొకరు అందులోనే టీవోటీ అనే రకం మేలన్నారు. మూడోచోట ఇంజెక్షన్ చాలన్నారు. నా స్నేహితురాలు లేజర్ చేయించుకుంది. మా వారేమో ఏది తేలికైతే అది చేయించుకోమంటున్నారు. బ్రిటన్‌లో ఈ మెష్ (జాలీ) టేపులు ఆపేశారని చదివాక అసలు నిద్రపట్టడం లేదు. వీడియోలు చూసి రెండు నెలలు వ్యాయామాలు చేశాను, లాభం లేదు. వీటిలో ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పండి.

జవాబు: అమ్మా, ఒక్క మాటలో చెప్పలేను. చెప్పేస్తే మీకు అన్యాయం చేసినట్టే. మీకు ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పడంలో వింతేమీ లేదు. ఎవరి చేతికి అలవాటైనది వాళ్లు చెబుతారు. ఏది బాగా పనిచేస్తుందన్నది సగం ప్రశ్నే. ఒకవేళ అనుకున్నట్టు జరగకపోతే ఏ ఇబ్బందిని మీరు భరించగలరన్నది మిగతా సగం. కొంత లీకేజీ మిగిలిపోయినా సర్దుకోగలరా? శరీరంలో జీవితాంతం ఉండే ఒక వస్తువు వల్ల వందలో కొద్దిమందికి వచ్చే చిక్కు మీకే వస్తే తట్టుకోగలరా? ఈ రెండో సగం మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను చేయగలిగింది మొదటి సగం విప్పి చెప్పడం.

ముందు ఈ సమస్య ఎందుకొస్తుందో చూద్దాం. ఆడవాళ్లలో మూత్రమార్గం పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లే. దాన్ని కింది నుంచి కటి కండరాలు, వాటి మీది గట్టి పొర మోస్తుంటాయి. నీళ్ల పైపు గట్టి నేల మీద ఉంటే కాలు వేయగానే నీళ్లు ఆగిపోతాయి. అదే పైపు బురదలో ఉంటే కాలు వేసినా కిందికి దిగబడుతుంది తప్ప మూసుకోదు. కాన్పుల్లో, ముఖ్యంగా ఫోర్సెప్స్ వాడిన కాన్పుల్లో ఆ ఆధారం సాగుతుంది, కొన్నిసార్లు చిరుగుతుంది. దగ్గినప్పుడు పొట్టలో పెరిగిన ఒత్తిడికి మూత్రమార్గం నిలబడలేక మూత్రం బయటికి వచ్చేస్తుంది. ఇదొక రకం. ఇంకొందరిలో ఆధారం బాగానే ఉన్నా మూత్రమార్గాన్ని బిగించి మూసే కండరమే నీరసపడిపోతుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. టేపు పని ఆధారం ఇవ్వడం, ఇంజెక్షన్ పని మూత ఇవ్వడం. ఈ తేడా గుర్తుంటే తర్వాత చెప్పేదంతా సులభంగా అర్థమవుతుంది.

ఆపరేషన్ మాట ఎత్తేముందు మీకున్నది నిజంగా ఈ రకమేనా అని తేల్చుకోవాలి. ఆపుకోలేనంత అర్జెంటుగా వచ్చి బాత్రూమ్‌కి చేరేలోపే పడిపోవడం వేరే జబ్బు. దానికి టేపు వేస్తే లాభం ఉండదు, కొందరికి ఎక్కువవుతుంది కూడా. అందుకే మూత్ర పరీక్ష చేయించుకోండి. మూత్రం పోసుకున్నాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడమనండి. మూడు రోజులపాటు ఎన్నిసార్లు వెళ్లారు, ఎంత పోశారు, ఎప్పుడు ఏం చేస్తుండగా పడింది అన్నది కాగితం మీద రాయండి. తర్వాత బ్లాడర్ నిండుగా ఉన్నప్పుడు డాక్టరు గారి ముందే గట్టిగా దగ్గాలి. సిగ్గుపడకండి, అదే అసలు పరీక్ష. దగ్గిన క్షణంలోనే చిమ్మితే స్ట్రెస్ రకం, అంటే పొట్టలో ఒత్తిడి పెరిగి పడేది. దగ్గాక ఒకటి రెండు సెకన్లు ఆగి ధారగా వస్తే బ్లాడర్ తనంతట తాను ముడుచుకుంటోందని అనుమానించాలి.

యూరోడైనమిక్స్ అనే ట్యూబులు పెట్టి చేసే పరీక్ష అందరికీ అక్కర్లేదు. 2012లో అమెరికాలో 630 మంది మీద చేసిన అధ్యయనంలో, లక్షణాలు స్పష్టంగా ఉన్న ఆడవాళ్లకు ఆ పరీక్ష చేసి ఆపరేషన్ చేసినా, చేయకుండా చేసినా ఫలితం ఒకేలా వచ్చింది, వందలో సుమారు 77 మందికి. ఇదివరకే ఆపరేషన్ అయినవాళ్లకు, అర్జెన్సీ కూడా ఉన్నవాళ్లకు, మూత్రం పూర్తిగా ఖాళీ కానివాళ్లకు మాత్రం చేయించాల్సిందే.

ఇక వ్యాయామాలు. లాభం లేదన్నారు. కానీ వీడియో చూసి చేసినదాన్ని నేను లెక్కలోకి తీసుకోను, కోపం తెచ్చుకోకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది బిగిస్తున్నామనుకుంటూ కిందికి ముక్కుతుంటారు. పొట్ట ఉబ్బుతుంది, ఊపిరి బిగపడతారు, పిరుదులు గట్టిపడతాయి, అసలు కండరం మాత్రం కదలదు. అలా చేస్తే ఉన్న ఆధారం ఇంకా కిందికి దిగుతుంది. సరైన కదలిక లోపలికి, పైకి ఉండాలి. గ్యాస్ పోకుండా ఆపుకున్నప్పుడు వెనక భాగం ఎలా బిగుస్తుందో, మూత్రం మధ్యలో ఆపినప్పుడు ముందు భాగం ఎలా బిగుస్తుందో, ఆ రెండూ కలిపి ఒకేసారి రావాలి. ఊపిరి మామూలుగా ఆడుతూనే ఉండాలి. ఫిజియోథెరపిస్టు గానీ డాక్టరు గానీ లోపల వేలు పెట్టి పరీక్షించి, సరిగ్గా బిగుస్తోందో లేదో చెప్పాలి. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా ఇలా ఒకరి పర్యవేక్షణలోనే, రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు, కనీసం మూడు నెలలు చేయమంటుంది. దగ్గబోయే ముందు, తుమ్మబోయే ముందు, బరువు ఎత్తబోయే ముందు ఒక్క బిగింపు బిగించడం అలవాటు చేసుకుంటే ఇంకా త్వరగా తేడా కనిపిస్తుంది.

అలాగని వ్యాయామాన్ని మంత్రంలా చెప్పను. 2013లో నెదర్లాండ్స్‌లో 460 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు నేరుగా టేపు వేశారు, రెండో జట్టుకు ఫిజియోథెరపీ ఇచ్చారు. ఏడాది తర్వాత బాగుపడ్డామన్నవాళ్లు టేపు జట్టులో వందకు 91 మంది దాకా, ఫిజియోథెరపీ జట్టులో 64 మంది. పైగా ఫిజియోథెరపీ జట్టులో సగం మంది మధ్యలోనే టేపుకి మారారు. ఇందులో నాకు రెండు మాటలు కనబడతాయి. తీవ్రంగా ఉన్నవాళ్లను వ్యాయామం పేరుతో ఏళ్లకేళ్లు తిప్పకూడదు. సగం మందికి మాత్రం కత్తి అవసరమే పడలేదు. మీరు ఒక్క మూడు నెలలు సరిగ్గా నేర్చుకుని చేయండి. బరువు ఎక్కువ ఉంటే కొంత తగ్గండి. బరువులో ఎనిమిది శాతం తగ్గితే వారంలో లీకేజీ సార్లు దాదాపు సగానికి తగ్గాయని 2009 నాటి ఒక పెద్ద అధ్యయనం చూపించింది. మలబద్ధకం, ఆగని దగ్గు ఉంటే వాటికి ముందు వైద్యం చేయించుకోండి. లేకపోతే ఏ ఆపరేషన్ చేసినా ఆ ఒత్తిడి రోజూ దాని మీదే పడుతుంది.

అప్పటికీ తగ్గకపోతే టేపు గురించి ఆలోచించవచ్చు. 1996లో స్వీడన్‌కి చెందిన ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ బృందం టీవీటీ పద్ధతిని ప్రకటించింది. అంతకుముందు ఈ జబ్బుకి ఎక్కువగా పొట్ట కోయాల్సి వచ్చేది. ఇందులో యోని ముందు గోడ మీద ఒక సెంటీమీటరు పైచిలుకు కోత పెట్టి, సుమారు సెంటీమీటరు వెడల్పున్న పాలీప్రొపిలీన్ జాలీ టేపుని మూత్రమార్గం మధ్యభాగం కిందుగా ఉంచుతారు. దాని రెండు కొసలు జఘన ఎముక వెనక నుంచి పైకి వెళ్లి పొత్తికడుపు దగ్గర రెండు చిన్న గాట్లలోంచి బయటికి వస్తాయి. టేపుని బిగించి కట్టరు, మూత్రమార్గానికి తగిలీ తగలనట్టు వదిలేస్తారు. కొన్ని వారాల్లో కండ దాని రంధ్రాల్లోకి పెరిగి పట్టేస్తుంది. ఆ వదులు ఎంత ఉండాలన్నదే సర్జన్ చేతి నేర్పు. కాస్త బిగిస్తే మూత్రం రాదు, కాస్త వదిలేస్తే లీకు ఆగదు.

టీవీటీలో సూది బ్లాడర్ పక్కనుంచే వెళుతుంది కాబట్టి కొందరిలో బ్లాడర్‌కి గుచ్చుకుంటుంది. అందుకే చివర్లో కెమెరాతో లోపల చూసి తీరాలి. అప్పుడే కనిపెడితే టేపు తీసి మళ్లీ సరిగ్గా వేస్తారు, కొద్ది రోజులు కాథెటర్ (మూత్రం పోయే గొట్టం) ఉంటే చాలు. కనిపెట్టకపోతే అది పెద్ద బాధ. ఈ ప్రమాదం తగ్గించాలని 2001లో ఫ్రాన్స్‌కి చెందిన డెలోర్మ్ టీవోటీ తెచ్చారు. ఇందులో టేపు కొసలు పైకి కాకుండా పక్కలకు, గజ్జల దగ్గర తొడ లోపలి కండరాల మీదుగా బయటికి వస్తాయి. బ్లాడర్‌కి దూరం, కానీ తొడ నరాలకు, కండరాలకు దగ్గర.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి 2010లో అమెరికాలో 597 మంది మీద చేసిన అధ్యయనం మీ మొదటి ఇద్దరు డాక్టర్ల వాదనకి జవాబు చెబుతుంది. ఏడాది తర్వాత పరీక్షల్లో నయమైనవాళ్లు టీవీటీ మార్గంలో 80.8 శాతం, టీవోటీ మార్గంలో 77.7 శాతం. అంటే దాదాపు సమానం. తేడా అంతా చిక్కుల్లోనే ఉంది. మూత్రం సరిగా రాక మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు టీవీటీలో 2.7 శాతం, టీవోటీలో ఒక్కరూ లేరు. తొడలో తిమ్మిరి, బలహీనత వంటివి టీవోటీలో 9.4 శాతం, టీవీటీలో 4 శాతం. మూసే కండరమే బాగా దెబ్బతిన్నవాళ్లకు టీవీటీ మార్గం మేలని చాలామంది నిపుణులు ఒప్పుకుంటారు. నా మొగ్గు కూడా టీవీటీ వైపే. తొడలో నొప్పి వస్తే అక్కడి టేపుని వెతికి తీయడం చాలా కష్టం, బ్లాడర్‌కి గుచ్చుకున్నది అక్కడికక్కడే కనబడుతుంది.

మినీ స్లింగ్ అని ఇంకొకటి మీకెవరూ చెప్పినట్టు లేదు. టేపు పొట్టిది, బయటికి గాట్లు ఉండవు, స్థానికంగా మత్తు ఇచ్చి చేయవచ్చు. 2022లో బ్రిటన్ ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనంలో 15 నెలలకు అది మామూలు టేపులతో సమానంగా నిలబడింది: 79.1 శాతం, 75.6 శాతం. మూడేళ్లకూ వెనకబడలేదు. కానీ మూడేళ్లకు కలయికలో నొప్పి గురించి అడిగితే మినీ స్లింగ్ జట్టులో 11.7 శాతం ఉందన్నారు, మామూలు టేపు జట్టులో 4.8 శాతం. మీ వయసులో ఈ సంఖ్యని పక్కన పెట్టేయకూడదు. డాక్టరు అడగరు, మీరూ చెప్పరు, ఆ నొప్పి ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేకుండా మిగిలిపోతుంది.

మీ నిద్ర పాడుచేసిన వార్త విషయానికి వస్తాను. అది నిజమే. 2018 జులైలో బ్రిటన్ ఈ టేపులతో సహా యోని ద్వారా వేసే మెష్‌ని నిలిపివేసింది. 2020లో జూలియా కంబర్లెజ్ నేతృత్వంలోని కమిటీ బాధిత స్త్రీల గోడు విని, ఏళ్ల తరబడి వాళ్ల మాట ఎవరూ పట్టించుకోలేదని తేల్చి చెప్పింది. అమెరికా 2019లో గర్భసంచి, బ్లాడర్ జారినవాళ్లకు యోని ద్వారా వేసే పెద్ద మెష్‌ల అమ్మకాలు ఆపించింది కానీ మూత్రం లీకుకి వేసే సన్నటి టేపుని ఆపలేదు. పెద్ద మెష్ పరచడం, సన్నటి టేపు వేయడం ఒకటి కావు, చిక్కులు కూడా ఒకే స్థాయిలో ఉండవు. అయినా టేపు వల్ల ఎవరికీ ఏమీ కాలేదని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. కొందరికి టేపు యోని గోడలోంచి బయటపడుతుంది. ఇందాక చెప్పిన బ్రిటన్ అధ్యయనంలో మూడేళ్లకు రెండు రకాల టేపుల్లోనూ వందకు ఇద్దరు ముగ్గురికి అలా జరిగింది. ఇంకా తక్కువ మందికి తగ్గని నొప్పి మిగులుతుంది. అప్పుడు టేపుని పూర్తిగా తీయడం వేయడంకన్నా చాలా పెద్ద పని. కండ దానిలోకి పెరిగిపోయి ఉంటుంది మరి. మరోపక్క, తొలినాటి టీవీటీ చేయించుకున్నవాళ్లను 17 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిది మందికి పైగా పరీక్షలో లీకు లేదు. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ల దగ్గర సంతకం పెట్టకండి.

మెష్ అసలు వద్దనుకుంటే పొట్ట దగ్గరి సొంత కండ పొరని పట్టీగా తీసి వేసే ఆపరేషన్, మూత్రమార్గం పక్క కండని కుట్లతో పైకి పట్టి ఉంచే, లాప్రోస్కోపీతో చేసే బర్చ్ ఆపరేషన్ ఉన్నాయి. ఇవి పాతవి, పెద్దవి, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. సొంత పట్టీ బాగా ఆపుతుంది కానీ మూత్రం రావడం కష్టమయ్యే అవకాశమూ ఎక్కువే. వీటిని బాగా చేసేవాళ్లు ఇప్పుడు తగ్గిపోతున్నారు, అది నాకు బాధ కలిగించే విషయం.

ఇంజెక్షన్ పద్ధతి ఇలా ఉంటుంది. సన్నని కెమెరా గొట్టం మూత్రమార్గంలోకి పెట్టి, గోడలో మూడు నాలుగు చోట్ల జెల్ ఎక్కిస్తారు. గోడలు ఉబ్బి మధ్య దారి ఇరుకవుతుంది. ఎక్కువగా వాడుతున్నది బల్కామిడ్ అనే పాలీఅక్రిలమైడ్ జెల్, అందులో 97.5 శాతం నీరే. కోత లేదు, కుట్లు లేవు, స్థానిక మత్తు చాలు, చాలామంది అదే రోజు ఇంటికి వెళతారు. మీ వారు తేలికైనది చేయించుకోమన్నారు కదా, అన్నిటికంటే తేలిక ఇదే. కానీ ఫిన్లాండ్‌లో దీన్ని, టీవీటీని పోల్చిన అధ్యయనం 2020లో వచ్చింది. 224 మంది స్త్రీలను నూటికి ఎన్ని మార్కులు తృప్తి అని అడిగితే, ఏడాదికి 80 లేదా ఆపైన వేసినవాళ్లు టీవీటీలో 95 శాతం, ఇంజెక్షన్‌లో 59.8 శాతం. అయితే ఇంజెక్షన్‌లో ఆపరేషన్ చిక్కులు తక్కువ. కొందరికి రెండోసారి ఎక్కించాల్సి వస్తుంది. పనిచేయకపోతే తర్వాత టేపు వేయించుకునే దారి మూసుకుపోదు. టేపు వేయించుకున్నాక లీకు మిగిలితే ఇంజెక్షన్ ఇవ్వడమూ ఉంది.

లేజర్ గురించి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే నమ్మకంగా చెప్పడానికి ఆధారాలు కొద్దిగానే ఉన్నాయి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, యోనికి లేజర్ వంటి పరికరాలతో చేసే చికిత్సలు మూత్రం లీకు లాంటి సమస్యలకు అనుమతి పొందినవి కావని, కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి రావచ్చని హెచ్చరించింది. 2021లో నైస్ కూడా ఈ సమస్యకి లేజర్‌ని పరిశోధనలో భాగంగా తప్ప చేయవద్దంది. మీ స్నేహితురాలికి బాగుంటే సంతోషం. మీకు మాత్రం నేను చెప్పను.

మీ విషయంలో నాకు తోచింది ఇది. ముందు మూడు నెలలు సరైన వ్యాయామం. తర్వాత కూడా ప్యాడ్ తప్పకపోతే, నవ్వడానికి భయం పోవాలన్నదే మీ మొదటి కోరికైతే, టీవీటీ ఆ కోరికని ఎక్కువమందికి తీరుస్తుంది. శరీరంలో మెష్ ఉందన్న ఆలోచనే మిమ్మల్ని రోజూ తినేస్తుందనుకుంటే, పదిలో నలుగురు అంతగా తృప్తి పడరన్నది తెలిసే ఇంజెక్షన్‌తో మొదలుపెట్టండి. అది ఓడిపోవడం కాదు. టేపు వేయించుకోబోతే సర్జన్‌ని నేరుగా అడగండి: ఏడాదికి ఎన్ని చేస్తారు, మీ పేషెంట్లలో ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది, టేపు తీయాల్సి వస్తే మీరే తీస్తారా, ఎక్కడికి పంపుతారు? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకి చిరాకు పడరు. ఆపరేషన్ తర్వాత నెల, నెలన్నర దాకా బరువులు ఎత్తకూడదు, కలయికా వద్దు. స్కూలు సెలవులు చూసుకుని పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మ వయసు 72. గుండెకి స్టెంట్లు వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. షుగర్ కూడా ఉంది. దగ్గితే, లేచి నిలబడితే మూత్రం పడుతోంది. ఈ వయసులో ఏం ఆపరేషన్లే అని తనే వదిలేసింది. కానీ బయటికి రావడం మానేసి గదిలోనే కూర్చుంటోంది. ఏం చేయాలి?

జవాబు: వయసు అడ్డు కాదమ్మా, అమ్మని తప్పకుండా తీసుకెళ్లండి. షుగర్ ఉంది కాబట్టి ముందు చూడాల్సింది మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందా అని. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో బ్లాడర్ నరాలు మొద్దుబారి, నిండిపోయి పొంగి పడుతుంటుంది. చూడ్డానికి అదీ దగ్గితే పడినట్టే ఉంటుంది. అలాంటప్పుడు దారిని ఇంకా ఇరుకు చేసే ఏ వైద్యమైనా హాని చేస్తుంది. గుండె డాక్టరు గారు మూత్రం ఎక్కువ పోవడానికి మాత్ర ఇస్తుంటే, దాన్ని ఏ వేళకి వేసుకుంటే ఇబ్బంది తగ్గుతుందో ఆయన్నే అడగండి.

ఖాళీ బాగానే అవుతోందని తేలితే, అమ్మ లాంటివాళ్లకు నా మొదటి ఎంపిక జెల్ ఇంజెక్షన్. 46 ఏళ్ల టీచర్‌కి, అమ్మకి నా సలహా వేరుగా ఉండటానికి కారణం ఉంది. అమ్మకి పూర్తి మత్తు ప్రమాదం, రక్తం పలచబడే మాత్రలు ఆపడం ఇంకా ప్రమాదం. స్టెంట్లు ఉన్నవాళ్లు ఆ మాత్రలు తమంతట తాము ఒక్క రోజు కూడా ఆపకూడదు, ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరే చెప్పాలి. రోజుకి నాలుగు ప్యాడ్‌లు పట్టే లీకు ఒకటికి తగ్గినా అమ్మ గదిలోంచి బయటికి వస్తుంది, అది చాలు. ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులు మంట ఉండొచ్చు. మూత్రం రాక కాథెటర్ పెట్టాల్సి వస్తే సన్నటిదే పెట్టాలి, ఖాళీ చేసి తీసేయాలి. లావు కాథెటర్ పెట్టి వదిలేస్తే కొత్తగా ఎక్కించిన జెల్ నొక్కుకుపోతుంది. ఈ మాట ఎమర్జెన్సీ వార్డులో అందరికీ తెలియకపోవచ్చు, మీరు గుర్తుపెట్టుకుని చెప్పండి.

అదీ వద్దంటే రింగ్ పెసరీ ఉంది. యోనిలో పెట్టుకునే సిలికాన్ రింగు. సరైన సైజు దొరకడానికి ఒకటి రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. మధ్యమధ్య తీసి శుభ్రం చేసి పెట్టాలి, అమ్మకి చేతకాకపోతే క్లినిక్‌లో చేస్తారు. ముట్లుడిగి చాలా ఏళ్లైంది కాబట్టి లోపల చర్మం పలచబడి ఉంటుంది. ఈస్ట్రోజెన్ క్రీమ్ లోపల రాస్తే రింగు రాపిడికి పుండు పడే అవకాశం, మంట తగ్గవచ్చు. గతంలో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం ఆ సంగతి ముందే చెప్పండి.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పాప పుట్టి ఎనిమిది నెలలు. పరుగెత్తితే లీకవుతోంది. ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నాం. ఇప్పుడే టేపు వేయించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు కదా?

జవాబు: వద్దమ్మా. మళ్లీ గర్భం వస్తే టేపు ఇచ్చిన ఫలితం పోయే అవకాశం ఉంది. పిల్లలు కనడం పూర్తయ్యాకే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించడం మంచిది. కాన్పయిన మొదటి ఏడాదిలో చాలామందికి దానంతటదే తగ్గుతుంది, మీకింకా సమయం ఉంది. పైన చెప్పిన పద్ధతిలో వ్యాయామం నేర్పించుకోండి. పరుగెత్తాలనిపిస్తే ఆ కాసేపటికే పెసరీ పెట్టుకుని పరుగెత్తవచ్చు. పాపకి పాలిస్తున్నంతకాలం యోని పొడిగా ఉండటం, కాస్త మంట మామూలే. కండరం పాడైపోయిందని కంగారు పడకండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఏడాది కిందట టీవోటీ చేయించుకున్నాను. దగ్గితే పడటం ఆగింది. కానీ ఇప్పుడు మాటిమాటికీ అర్జెంటుగా వస్తోంది, మూత్రం సన్నగా ఆగి ఆగి వస్తోంది. తొడ లోపలి వైపు లాగుతుంటుంది. కలయికలో ఏదో గుచ్చుకుంటోందని మా వారు అంటున్నారు. ఆపరేషన్ చేసిన చోట అడిగితే లీకు ఆగింది కదా, ఆపరేషన్ సక్సెస్ అన్నారు.

జవాబు: లీకు ఆగింది కాబట్టి అంతా బాగుందన్న మాట ఒప్పుకోకండి. మీరు రాసిన మూడు బాధలకీ కారణాలు వెతకాల్సిందే.

మీ వారికి గుచ్చుకుంటోందంటే టేపు అంచు యోని గోడలోంచి బయటపడి ఉండవచ్చు. వెలుతురులో స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) పెట్టి, మూత్రమార్గం కిందుగా వేలితో మెల్లగా తడిమి చూడాలి. కొన్నిసార్లు కంటికి కనబడదు, వేలికి గరుకుగా తగులుతుంది. చిన్నదైతే ఈస్ట్రోజెన్ క్రీమ్‌తో మూసుకోవచ్చు, లేదంటే బయటపడిన ముక్క కత్తిరించి పైన చర్మం కుడతారు.

సన్నగా, ఆగి ఆగి రావడం, కొత్తగా అర్జెన్సీ మొదలవడం రెండూ కలిసి ఉన్నాయంటే నాకు ముందు వచ్చే అనుమానం టేపు బిగుతుగా ఉందని. మూత్రం పోసుకున్న వెంటనే స్కానింగ్ చేయించి ఎంత మిగిలిందో చూడండి. బిగుతే కారణమని తేలితే టేపుని మధ్యలో కత్తిరించి వదులు చేయవచ్చు, అది చిన్న ఆపరేషనే. కత్తిరించాక కూడా చాలామందికి లీకు తిరిగి రాదు, కొందరికి వస్తుంది. ఇది ముందే తెలుసుకుని వెళ్లండి. బిగుతు లేదని తేలితే అర్జెన్సీకి బ్లాడర్ శిక్షణ, మాత్రలు ఉన్నాయి. మూత్రంలో రక్తం కనబడినా, ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తున్నా కెమెరాతో బ్లాడర్, మూత్రమార్గం లోపల చూడమని పట్టుబట్టండి, టేపు లోపలికి దిగి ఉండవచ్చు.

తొడ నొప్పికి ముందు ఫిజియోథెరపీ, కొందరికి నొప్పి ఉన్న చోట ఇంజెక్షన్ ఇస్తారు. ఏడాదైనా తగ్గలేదు కాబట్టి, టేపులు తీసిన అనుభవం ఉన్న యూరోగైనకాలజిస్టు (ఆడవాళ్ల మూత్ర, కటి సమస్యల నిపుణులు) దగ్గరికే వెళ్లండి. తొడలోని భాగం తీయడం అందరూ చేసే పని కాదు. ఒకరు తీయలేమంటే ఇంకొకరిని అడగండి, సగం తీసి వదిలేసేవాళ్ల చేతిలో మాత్రం పడకండి.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం ఒక్కటే సరిపోదు. ఆపరేషన్ నోట్స్, అందులో అంటించి ఉండే టేపు స్టిక్కర్ కావాలి. ఏ కంపెనీ, ఏ రకం, ఏ బ్యాచ్ అన్నది దాని మీద ఉంటుంది, టేపు కొసలు ఎటు నుంచి ఎటు వెళ్లాయో నోట్స్‌లో ఉంటుంది. అవి లేకపోతే ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో కాగితం రాసిచ్చి తీసుకోండి. ఈలోగా మూత్రం అసలు రాకుండా ఆగిపోయినా, చలి జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.